ముగింపు ముందే తెలిసిన పుస్తకాలతో ఒక నెల

గత నెలలో ఏడు పుస్తకాలు మొదలుపెట్టి ఆరు పూర్తి చేశాను. ఒక రష్యన్ పెద్దకథ, ఒక బాలిక డైరీ, ఒక అపరాధ పరిశోధక నవల, రెండు శతాబ్దాలు దాటిన ఒక భయానక నవల, పురుగుమందుల మీద ఒక విజ్ఞాన గ్రంథం, ఒక తెలుగు నాటకం, ఈమధ్యే వచ్చిన ఒక ఉత్కంఠ నవల: ఇదీ వరస. ముందుగా అనుకుని ఎంచుకున్నవి కావు, చేతికి అందినవి. సగం నెల గడిచాక గానీ వీటిలో ఆరింటి ముగింపు నాకు ముందే తెలుసన్న సంగతి తట్టలేదు. ఒకదాని ముగింపు శీర్షికలోనే ఉంది, ఒకదానిది లోకమంతటికీ తెలుసు, ఒకదాన్ని సినిమాలు తప్పుగా నేర్పాయి, ఒకదాన్ని మరెవరో రాసిన ముందుమాట పాడుచేసింది. అందువల్ల ఈసారి ప్రతి పుస్తకాన్నీ ఒకే ప్రశ్నతో తూచాను: చివరికి ఏమవుతుందో తెలిసిన పాఠకుణ్ణి ఇది దేనితో కట్టిపడేసింది?

టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' ఈ ప్రశ్నకు మొదటి పుటలోనే జవాబు చెబుతుంది. కోర్టులో విచారణకు విరామం దొరికిన వేళ ఒక ఉద్యోగి పత్రిక తిరగేస్తూ తమ సహోద్యోగి చనిపోయాడని చెబుతాడు. విన్నవారందరి మనసులూ క్షణంలో ఆ ఖాళీ ఎవరికి దక్కుతుంది, దానివల్ల తమకు ఏ బదిలీ, ఏ పదోన్నతి కలిసివస్తుంది అన్న లెక్కల్లో పడతాయి. వాళ్లలో ఒక్కడూ దుర్మార్గుడు కాకపోవడమే ఈ దృశ్యంలోని భయం. ఆ వెంటనే వచ్చే పరామర్శ ఘట్టం కోసం నేను ఈ పుస్తకాన్ని మూడోసారి తెరిచానని ఒప్పుకోవాలి. చనిపోయినవాడి స్నేహితుడు స్ప్రింగులు పాడైన ఒక పొట్టి మెత్తపీట మీద కూర్చుంటాడు. వితంతువు నల్లశాలువా అంచు బల్ల చెక్కడంలో చిక్కుకుంటుంది. విడిపించడానికి అతను లేవబోతే పీట కింది నుంచి తన్నుతుంది, ఆమె తానే విడిపించుకుంటుంటే అతను మళ్లీ దాన్ని అణచి కూర్చుంటాడు, అది పూర్తిగా ఊడిరాలేదని మళ్లీ లేస్తాడు, పీట మళ్లీ కిర్రుమంటుంది. ఇంతటి దుఃఖసమయంలో నవ్వు ఆపుకోవడానికి మనం పడే అవస్థను రచయిత పాత్రకు కాక పీటకు అప్పగించాడు. ఆ తర్వాత ఆమె కన్నీళ్ల మధ్యనే ప్రభుత్వం నుంచి ఇంకాస్త డబ్బు రాబట్టే దారి ఉందా అని వాకబు చేస్తుంది. అతను మాత్రం ఆ సాయంత్రం పేకాట తప్పిపోకుండా బయటపడతాడు.

శవాన్ని ముందే చూపించేసిన రచయితకు ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. రెండో అధ్యాయం నుంచి చనిపోయినవాడి జీవితం మొదలవుతుంది. కొత్త ఇంట్లో తెరలు ఎలా వేలాడదీయాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీద కాలు జారి, కిటికీ చట్రం పిడికి పక్క తగలడం ఎంత చిన్న సంగతిగా వస్తుందంటే, మొదటిసారి చదివినప్పుడు దాన్ని నేను దాటేసి వెళ్లిపోయాను. ఈసారి ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ముగింపు తెలిసినవాడికి మాత్రమే ఆ దెబ్బ తగులుతుంది. ఇవాన్ ఇల్యీచ్ మటుకు ఆ రోజు ఇంట్లోవాళ్లకు నవ్వుతూ తన చురుకుదనం గురించి గొప్ప చెప్పుకుంటాడు. తర్వాత వైద్యులు జబ్బు మూత్రపిండానిదా, పేగుదా అని తర్కించుకుంటూ, తన ప్రాణం సంగతి అడిగితే మాత్రం అది అసందర్భ ప్రశ్న అన్నట్టు చూడటం, కోర్టులో నిందితుల పట్ల తాను ఇన్నాళ్లూ చూపిన తీరే ఇదని అతను గుర్తించడం ఈ చిన్న పుస్తకానికి వెన్నెముక. కాళ్లు పైకెత్తి పట్టుకుంటే నొప్పి తగ్గుతోందంటే గంటల తరబడి భుజాల మీద మోసే పనివాడు గెరాసిమ్ ఒక్కడే ఆ ఇంట్లో అబద్ధం చెప్పడు. చివరి అధ్యాయంలో వచ్చే వెలుగు గురించి మాత్రం నాకు ఇప్పటికీ పేచీ ఉంది. పదకొండు అధ్యాయాల పాటు ఎవరికీ ఏ ఊరటా ఇవ్వని రచయిత ఆఖరి పుటల్లో కొంచెం తొందరపడ్డాడనిపిస్తుంది. అయినా నెలంతటిలోకీ నేను ముందుగా చేతిలో పెట్టే పుస్తకం ఇదే. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది, మరచిపోవడానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

'ఆన్ ఫ్రాంక్ డైరీ' విషయంలో ముగింపు తెలియని పాఠకుడంటూ ఉండడు. 1942 జూన్ 12న పదమూడో పుట్టినరోజుకు అందిన నోటుపుస్తకంలో మొదలై, 1944 ఆగస్టు 1న రాసిన పుటతో ఆగిపోతుంది; ఆగస్టు 4న ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆ రహస్య గృహంలో నాజీల నుంచి దాక్కున్న ఎనిమిది మంది యూదులనూ పట్టుకెళ్లారు. ఈ తేదీలు తలలో పెట్టుకుని చదివేవాడికి ప్రతి పుట మీదా ఒక గడియారం కనిపిస్తుంది, రాస్తున్న అమ్మాయికి కనిపించదు. అందుకే ఈ పుస్తకాన్ని చాలామంది కన్నీళ్ల కోసం చదువుతారు, కన్నీళ్లతోనే మెచ్చుకుంటారు. నాకు అది ఆమెకు చేసే అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే ఆమె అన్నిటికంటే ముందు పదునైన రచయిత్రి.

ఒక ఉదాహరణ చెబుతాను. తన గదిలో భాగస్థుడైన పెద్దాయనతో ఒక చిన్న బల్ల గురించి 1943 జూలైలో జరిగిన తగాదాను ఆమె వివరంగా రాసింది. వారానికి రెండు మధ్యాహ్నాలు, గంటన్నర చొప్పున ఆ బల్ల తనకు ఇవ్వమని మర్యాదగా అడుగుతుంది. ఆయన తన పని గంభీరమైనదని, ఈమెది ఆటవిడుపని కొట్టిపారేస్తాడు. ఆమె కోపం దిగమింగుకుంటుంది, తండ్రిని సలహా అడుగుతుంది, వాదన సిద్ధం చేసుకుని మళ్లీ వెళుతుంది, చివరికి తండ్రి కల్పించుకుంటే గాని బల్ల దక్కదు. వెలుపల ఖండాలు తగలబడుతుంటే లోపల ఒక బల్ల కోసం జరిగిన ఈ రాయబారంలో ఎవరు ఏ మాట ఎలా అన్నారో, ఏ మాట దగ్గర ముఖం ఎలా మారిందో ఆమె వదిలిపెట్టదు. పోల్చకూడదు గానీ, స్ప్రింగుల పీట రాసిన చేతికీ ఈ బల్ల రాసిన చేతికీ ఏదో చుట్టరికం ఉందనిపించింది.

ఆమెకు తాను రాస్తున్నది పుస్తకమని తెలుసు కూడా. యుద్ధం ముగిశాక డైరీలనూ ఉత్తరాలనూ సేకరిస్తామని డచ్ ప్రవాస ప్రభుత్వపు మంత్రి ఒకరు 1944 మార్చిలో రేడియోలో ప్రకటించాక, ఆమె పాత పుటలన్నిటినీ విడికాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని కొట్టివేసింది, కొన్ని కలిపింది, మనుషులకు మారుపేర్లు పెట్టింది. తండ్రి 1947లో డచ్ భాషలో తెచ్చిన తొలి ప్రచురణలో, తల్లి మీద ఆమె కోపం, తన శరీరం గురించిన ఆమె ఆలోచనలు కొంత కత్తిరింపుకు గురయ్యాయి. 1991లో వచ్చిన విస్తృత ప్రతిలో అవి చాలావరకు తిరిగి చేరాయి. కొనేవారు పాత సంక్షిప్త ప్రతిని కాక ఈ విస్తృత ప్రతినే కొనాలని నా సలహా. పాతదానిలో మంచి అమ్మాయి ఉంది, కొత్తదానిలో మొత్తం అమ్మాయి ఉంది. ఆగస్టు 1 నాటి పుట తనలో ఉన్న రెండు మనస్తత్వాల గురించి. అది చివరి పుట అవుతుందని తెలియకుండా రాసినది కాబట్టి అందులో వీడ్కోలు లేదు, మరుసటి వారం ఇంకేదో రాసేదాని ధోరణి ఉంది.

మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' ముగింపు నాకు తెలుసనుకున్నాను, తెలియదు. తెలుసనుకున్నదంతా తెర మీద చూసింది: మెడకు రెండు బోల్టులు, పిడుగుల ప్రయోగశాల, మాట రాని ఒక భారీకాయం. 1818లో రచయిత్రి పేరు లేకుండా మూడు సంపుటాలుగా వెలువడిన నవలలో ఇవేవీ లేవు. ప్రాణం పోసే ఘట్టం ఒక నవంబరు రాత్రి కొద్ది వాక్యాల్లో ముగుస్తుంది, ఎలా చేశాడన్నది రహస్యంగానే ఉంటుంది. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది సృష్టించినవాడి పేరు, విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్. సృష్టికి పేరే లేదు. పైగా ఆ జీవి నవలలో అందరికంటే బాగా మాట్లాడుతుంది.

కథ పొరలు పొరలుగా ఉంటుంది. ఉత్తర ధ్రువం వైపు వెళుతున్న ఒక నావికుడు అక్కకు రాసే ఉత్తరాల్లో విక్టర్ చెప్పిన కథ, విక్టర్ కథ కడుపులో ఆ జీవి చెప్పిన కథ. మూడో పొరే నవలకు గుండెకాయ. ఆ జీవి ఒక కుటీరాన్ని ఆనుకుని ఉన్న పాకలో దాక్కుని, గోడ సందులోంచి ఆ ఇంటివాళ్లను నెలల తరబడి చూస్తుంది. వాళ్లు నోటితో చేసే ధ్వనులకు అర్థాలున్నాయని కనిపెట్టి నిప్పు, పాలు, రొట్టె, కట్టె అన్న మాటల్ని ఒక్కొక్కటిగా పట్టుకుంటుంది. రాత్రిళ్లు వాళ్ల కోసం కట్టెలు తెచ్చిపెడుతుంది. అడవిలో దొరికిన తోలుపెట్టెలోని మూడు పుస్తకాలు చదివి, వాటిలో ఒకటైన మిల్టన్ కావ్యాన్ని నిజంగా జరిగిన చరిత్ర అనుకుంటుంది. పుస్తకాల్లో తనను వెతుక్కునే పాఠకుడికి సాహిత్యంలో ఇంతకంటే దయనీయమైన బంధువు నాకు తారసపడలేదు. చివరికి ఇంట్లో పిల్లలు లేని వేళ చూసి గుడ్డివాడైన పెద్దాయనతో మాట్లాడటానికి లోపలికి వెళ్లడం, ఆయన ఆదరంగా వినడం, అంతలో పిల్లలు తిరిగి రావడం చదివినప్పుడు, ఏం జరగబోతోందో తెలిసికూడా వాళ్లు ఇంకో పావుగంట ఆలస్యంగా వస్తే బాగుండునని కోరుకున్నాను. ఆ జీవి ఆఖరికి మంచుగడ్డ మీద చీకట్లో కలిసిపోతుంది, చితి పేర్చుకుని కాలిపోతానని మాట ఇస్తుంది గాని కాలిపోవడం మనకు కనిపించదు. ఇది నేను ఊహించని ముగింపు.

విక్టర్ మీద నాకు అంత సహనం లేదు. ప్రతి చావు తర్వాతా జ్వరం తెచ్చుకుని పడకెక్కడం, పర్వతాలు చూసి తేరుకోవడం, నిజం చెప్పవలసిన చోట నోరు విప్పకపోవడం మధ్యభాగంలో విసుగు పుట్టిస్తాయి. ఆ పర్వత వర్ణనల్లో మూడో వంతు తీసేసినా నవలకు నష్టం లేదు. ఇదంతా పద్ధెనిమిదేళ్ల అమ్మాయి మొదలుపెట్టిన రచన అన్న ఆశ్చర్యం ఆ విసుగును కొంత మన్నిస్తుంది. 1831లో ఆమే సవరించి తెచ్చిన ప్రతిలో విధి పాత్ర ఎక్కువై విక్టర్ తప్పు కొంత తేలిక పడింది కాబట్టి, నేను 1818 నాటి పాఠానికే ఓటు వేస్తాను. ఇక నేను చదివిన ఈ-పుస్తకం సంగతి. తయారుచేసిన సంస్థవారు అధ్యాయాల మధ్య ఖాళీలనూ ఉద్ధరణ చిహ్నాలనూ ఎగరగొట్టడంతో, ఎవరి 'నేను' ఎక్కడ ఆగి ఎవరి 'నేను' మొదలైందో తెలియక రెండు చోట్ల వెనక్కి వెళ్లవలసి వచ్చింది. మూడు గొంతుల నవలకు ఇంతకంటే పెద్ద అపకారం లేదు.

అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' నాకు చాలా ఏళ్ల కిందటే పాడైపోయింది. ఒక వ్యాస సంకలనానికి ముందుమాట రాసిన పెద్దమనిషి, వేరే సందర్భంలో, ఎవరూ అడగకుండానే హంతకుడి పేరు చెప్పేశారు. ఆ కోపంతో ఇన్నాళ్లూ ఈ నవల జోలికి పోలేదు. పోకపోవడం నా పొరపాటు. హంతకుడెవరో తెలిసి చదివితే ఇది వేరే పుస్తకం: ఏ వాక్యం నిజాన్ని చెబుతూనే దాచిపెట్టింది, ఎక్కడ ఒక పది నిమిషాలు మాయమయ్యాయి, చదువుగదిలో తన చోటు నుంచి కదిలిన కుర్చీని ఒక్క పరిశోధకుడు ప్వారో మాత్రమే ఎందుకు పట్టుకుని వదలలేదు అన్నవి గమనిస్తూ, గారడీవాడి వెనక నిలబడి గారడీ చూసినట్టు చదువుకోవచ్చు. రచయిత్రి ఒక్కచోట కూడా అబద్ధమాడలేదు. ఇంతకంటే ఎక్కువ రాస్తే ఆ పెద్దమనిషికీ నాకూ తేడా ఉండదు. పదవీ విరమణ చేసి కూరగాయలు పండించుకుంటున్న ప్వారో విసుగెత్తి ఒక పెద్ద కాయను గోడ మీదుగా విసిరేస్తే అది పక్కింటాయన పక్కనే పడటంతో వాళ్ల పరిచయం మొదలవుతుందని చెబితే మాత్రం ఎవరికీ నష్టం లేదు. మధ్యలో వచ్చే ఒకటి రెండు పెళ్లి సంబంధాల ఉపకథలు పలచన. అసలు పేరు తెలియనివారు ఈ నవల గురించి ఎక్కడా ఏమీ చదవకుండా, నా ఈ పేరా కూడా మరచిపోయి, నేరుగా మొదలుపెట్టడం మేలు.

రేచల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' 1962లో వచ్చింది. 1972లో అమెరికా డీడీటీ అనే పురుగుమందు వాడకాన్ని దాదాపుగా నిషేధించింది. ఆమె 1964లోనే కన్నుమూసింది. గెలిచిన వాదాన్ని ఇప్పుడు చదవడమెందుకన్న అనుమానంతోనే తెరిచాను. రసాయనాల వర్గీకరణతో నిండిన మూడో అధ్యాయం నా అనుమానాన్ని పెంచింది, దాన్ని వేగంగా దాటాను. కానీ పక్షుల అధ్యాయం దగ్గరికొచ్చేసరికి అపరాధ పరిశోధన చదువుతున్నానా అనిపించింది. ఎల్మ్ చెట్లకు సోకే తెగులును ఆపడానికి ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మందు చల్లారు. మరుసటి వసంతంలో రాబిన్ పిట్టలు చచ్చిపడుతున్నాయి. అవి ప్రధానంగా మందు నేరుగా తగిలి చచ్చినవి కావు. మరి ఎలా చచ్చాయి? మందు పట్టిన ఆకులు శరదృతువులో రాలాయి, వానపాములు ఆ ఆకుల్ని తిన్నాయి, విషాన్ని ఒంట్లో దాచుకుని చలికాలం గడిపాయి, వసంతంలో తిరిగొచ్చిన పిట్టలు ఆ వానపాముల్ని తిన్నాయి. పదకొండు పెద్ద వానపాములు ఒక రాబిన్‌ను చంపడానికి చాలు. అంత తిండి ఆ పిట్ట పదీ పన్నెండు నిమిషాల్లో తినేస్తుంది. కార్సన్ ఇక్కడ గొంతు పెంచదు. లెక్క చెప్పి ఊరుకుంటుంది.

ఆమె పురుగుమందులన్నీ ఆపేయమందని ఇప్పటికీ కొందరు అంటుంటారు, పుస్తకం చదివినవారు అలా అనలేరు. వాటిని ఎన్నడూ వాడకూడదన్నది తన వాదన కాదని ఆమే స్పష్టంగా రాసింది. విచక్షణ లేకుండా, పర్యవసానం తెలియనివారి చేతుల్లో పెట్టడం మీదే ఆమె అభ్యంతరం. పిట్టల గొంతు వినిపించని ఊరి కల్పనతో మొదలయ్యే తొలి అధ్యాయం అందరూ మెచ్చుకునేదే గాని, నాకు అది కాస్త నాటకీయంగా తోచింది. వానపాముల లెక్క ఉండగా ఆ కల్పన అవసరం లేదు.

గురజాడ 'కన్యాశుల్కం' ఎన్నోసారి చదివానో లెక్కపెట్టుకోలేదు. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో దాదాపు కొత్తగా తిరగరాసిన నాటకం ఇది, నేను చదివేది ఎప్పుడూ ఆ రెండో కూర్పే. సౌజన్యారావు పంతులు ఎదుట గిరీశం బండారం బయటపడుతుందని తెలుసు, పెళ్లికూతురి వేషంలో ఉన్నది కరటకశాస్త్రి శిష్యుడని తెలుసు, మధురవాణి మగవేషంలో వస్తుందనీ తెలుసు. అయినా ఒకరు ముందే దాక్కున్న మంచం కిందికే ఇంకొకరు దూరి, చీపురు పట్టుకున్న పూటకూళ్లమ్మ గదిలోకొచ్చే ఘట్టంలో నవ్వు ఆగలేదు. ఈసారి నాటకాన్ని పైకి చదివాను. కళ్లతో చదివినప్పుడు గిరీశం మాటలే చెవిలో మోగుతుంటాయి; పైకి చదివితే బుచ్చమ్మ ఎంత తక్కువ మాట్లాడుతుందో, మాట్లాడిన ఆ కొద్దిలో అతని ఆటకు ఎంత అమాయకంగా చిక్కుతుందో నోటికి తెలుస్తుంది. కొన్ని సంభాషణలు సాగుతాయి, ఏడంకాలూ ఒక్క బిగిన నడిచేవి కావు. వాటి మీద ఫిర్యాదు చేయడానికి నాకు మనసు రాదు, ఇందులో నా పక్షపాతం ఉంది.

ఏడో పుస్తకం పేరు రాయను. ఈ నెలలో ముగింపు తెలియకుండా మొదలుపెట్టింది అదొక్కటే. ప్రతి అధ్యాయం చివరా ఒక తలుపు చప్పుడు, ఒక ఫోన్ మోత, ఒక సగం వాక్యం ఉంటాయి. తర్వాతి అధ్యాయం తెరిస్తే తలుపు కొట్టింది పాలవాడు. 212వ పుట దగ్గర సహనం చచ్చి చివరి పుట తిప్పి చూశాను. ఎవరు చేశారో తెలిసింది. మళ్లీ 212కు వెళ్లడానికి అక్కడ నాకు కావలసిందేమీ కనిపించలేదు. పుటగుర్తు ఇంకా అక్కడే ఉంది, 'ఆక్రాయిడ్' మొదటి నుంచి మళ్లీ చదవడానికి అది కావలసి వస్తే తీసుకుంటాను.